లాటిన్‌కి లింకుల జాబితా కాదు, దారి చెప్పండి

సంపాదకుల వారికి, నమస్కారం.

మొన్నామధ్య మీ విద్య పేజీలో లాటిన్ నేర్చుకోవాలనుకునేవాళ్ల కోసం ఒక జాబితా వేశారు. యాప్‌లు, వెబ్‌సైట్లు, నిఘంటువులు, యూట్యూబ్ చానళ్లు అన్నీ గుదిగుచ్చి ఇచ్చారు. తెలుగు పత్రికలో లాటిన్ ఊసెత్తడమే అరుదు కాబట్టి ముందు మెచ్చుకోవాలి, మెచ్చుకుంటున్నాను. కానీ ఆ జాబితా పట్టుకుని ఎవరైనా నిజంగా లాటిన్ మొదలుపెడితే పట్టుమని నెల కూడా నిలబడరు. ఈ భాషతో ఇప్పుడున్న ఇబ్బంది పుస్తకాలు దొరక్కపోవడం కాదు, కుప్పలు తెప్పలుగా దొరకడం. రోమన్ సామ్రాజ్యం పోయాక కూడా వందల ఏళ్ల పాటు యూరప్ బళ్లలో చెప్పిన భాష ఇది, ప్రతి తరమూ తన పాఠ్యపుస్తకం తను రాసుకుంది, కాపీరైట్ తీరిపోయినవన్నీ ఇవాళ నెట్‌లో ఉచితంగా పడి ఉన్నాయి. వాటిలో ఏది ముందు తెరవాలి, ఏది రెండేళ్ల దాకా ముట్టుకోకూడదు అన్నది చెప్పకుండా పేర్లు మాత్రం ఇస్తే చదివేవాడు ఏం చేస్తాడు? పదీ డౌన్‌లోడ్ చేసుకుంటాడు, పదింటిలోనూ మొదటి పాఠం చదువుతాడు, అక్కడితో సరి. నేను పండితుణ్ని కాను, సరదాకి కొన్నేళ్లుగా లాటిన్ చదువుతున్నవాణ్ని. ఆ కుప్పలో చాలావరకు తిరగేశాను కాబట్టి నాకు పనికొచ్చినవీ పనికిరానివీ నిర్మొహమాటంగా రాస్తున్నాను. ఉత్తరం పొడవవుతుంది, మీరే కత్తిరించుకోండి.

అసలు మీకు లాటిన్ కావాలా అన్నది మొదటి ప్రశ్న. లా చదివేవాళ్లు, మెడిసిన్ చదివేవాళ్లు ‘లాటిన్ వస్తే మంచిదట’ అని దిగుతుంటారు. వాళ్లకి నేను చెప్పేది, వద్దు. కోర్టు మాటలు కొన్ని, శరీర భాగాల పేర్లలో వచ్చే ధాతువులు కొన్ని బట్టీ పడితే మీ పని అయిపోతుంది, ఆ మాత్రం దానికి ఐదు రకాల నామవాచక రూపాలు, నాలుగు రకాల క్రియా రూపాలు నెత్తికెత్తుకోనక్కర్లేదు. వృక్షశాస్త్రం వాళ్ల సంగతి కొంచెం వేరు. కొత్త మొక్కకి పేరు పెడితే దాని వర్ణన లాటిన్‌లో ఉండి తీరాలన్న నియమం 2011 చివరి దాకా నడిచింది, 2012 జనవరి 1 నుంచే ఇంగ్లిష్‌లో రాసినా చెల్లుతోంది, కాబట్టి పాత వర్ణనలు చదవాల్సిన పని పడుతూనే ఉంటుంది. అయితే అది దాదాపు క్రియలే లేని పొడి లాటిన్, దానికి విలియం స్టెర్న్ 1966లో వేసిన ‘బొటానికల్ లాటిన్’ ఒక్కటి చాలు. ఈ ఉత్తరం వీళ్ల కోసం కాదు. సీజర్, సిసెరో, వర్జిల్ లాంటి రోమన్ రచయితల్ని వాళ్ల మాటల్లోనే చదవాలని, లేదా చర్చి ప్రార్థనలూ మధ్యయుగాల పత్రాలూ అర్థమవుతూ చదవాలని కోరిక ఉన్నవాళ్ల కోసం.

అలాంటివాళ్లు మొదట కొనాల్సింది హాన్స్ ఓర్బర్గ్ రాసిన ‘లింగ్వా లాటీనా పెర్ సే ఇల్లుస్ట్రాటా’, అందులోనూ మొదటి భాగం ‘ఫమిలియా రోమానా’. ఆయన డెన్మార్క్ దేశస్థుడు. ఈ పుస్తకం మొదటి రూపం 1955లో వచ్చింది, తర్వాత ఆయనే దిద్ది తిరగరాశారు. పాఠాల్లో ఒక్క ఇంగ్లిష్ ముక్క ఉండదు. తెరవగానే రోమన్ సామ్రాజ్యం మ్యాప్, దాని తర్వాత రోమ్ ఇటలీలో ఉందని, ఇటలీ యూరప్‌లో ఉందని, గ్రీస్ కూడా యూరప్‌లోనే ఉందని చిన్న చిన్న లాటిన్ వాక్యాలు. వాటిలో ‘ఉంది’ ఏదో ‘లో’ ఏదో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంకాస్త ముందుకెళితే నైలు నది యూరప్‌లో ఉందా అని అడుగుతుంది, లేదు, ఆఫ్రికాలో ఉంది అని తనే జవాబిస్తుంది, ప్రశ్న వేయడమూ కాదనడమూ రెండూ వచ్చేశాయి. ఒక నది పేరు చెప్పి, ఇంకో నది పేరు చెప్పి, రెండూ నదులు అంటుంది, బహువచనం వచ్చేసింది. కొత్త మాట తగిలినప్పుడల్లా పేజీ అంచున చిన్న బొమ్మ ఉంటుంది, లేదంటే సమానం గుర్తు పెట్టి మనకి తెలిసిన మాట, లేదంటే రెండు వైపులా ములుకులున్న బాణం పెట్టి దాని వ్యతిరేకార్థం. మూడో పాఠానికల్లా కథ మొదలవుతుంది. పాట పాడుతోందని చెల్లెల్ని అన్న కొడతాడు, ఆ పిల్ల ఏడుస్తుంది, ఇంకో అన్న వీణ్ని కొడతాడు, ఇంతలో తల్లి వస్తుంది. ఎవడు ఎవణ్ని కొట్టాడో తెలియాలంటే కర్త రూపం, కర్మ రూపం తేడా తెలిసి తీరాలి కదా, అలా ద్వితీయా విభక్తి మనకి తెలియకుండానే ఒంటబడుతుంది.

లోపాలు లేకపోలేదు. మొత్తం 35 పాఠాలు, సగం దాటాక ఎక్కుడు నిటారుగా మారుతుంది, అక్కడ చాలామంది తమకి తెలివి లేదనుకుని మానేస్తారు. తెలివితో పని లేదు, నాలుగైదు పాఠాలు వెనక్కొచ్చి మళ్లీ చదవడమే మందు. రెండోది, ఆ కథలోని బానిసల బతుకు మరీ తేలిగ్గా, నవ్వులాటగా సాగిపోతుంది, ఇప్పుడు చదివేవాళ్లకి అది మింగుడుపడదు. పడకపోవడమే మంచిది. రచయితే చదివి రికార్డు చేసిన ఆడియో ఉంది, దాన్ని మాత్రం వదలకండి. పాఠం కంటితో చదివాక పుస్తకం మూసి వినండి, వింటుంటే అర్థమైతేనే తర్వాతి పాఠానికి వెళ్లండి.

మీ జాబితాలో ఉన్న వీలాక్ పుస్తకం గురించి కూడా ఒక మాట. ఫ్రెడరిక్ వీలాక్ దీన్ని రెండో ప్రపంచయుద్ధం నుంచి తిరిగొచ్చి కాలేజీల్లో చేరిన సైనికుల కోసం తయారుచేశారు, 1956లో అచ్చయింది, అమెరికా కాలేజీల్లో ఇవాళ్టికీ నడుస్తోంది. 40 అధ్యాయాలు, ప్రతి దాంట్లో వ్యాకరణం, పదాల పట్టిక, ప్రాచీన రచయితల నుంచి తీసిన విడి వాక్యాలు. పరీక్ష రాయాల్సినవాళ్లకి, పట్టిక చూస్తే గానీ మనసు కుదుటపడనివాళ్లకి బాగానే ఉంటుంది. కానీ పుస్తకం మొత్తం పూర్తిచేసి ఒక్క పేజీ కథ గుక్కతిప్పుకోకుండా చదవలేనివాళ్లు ఎంతోమంది తయారవుతారు, ఎందుకంటే ఆ పుస్తకం వాక్యాన్ని విప్పడం నేర్పుతుంది, చదవడం నేర్పదు. స్కూలు పిల్లలకైతే కేంబ్రిడ్జ్ లాటిన్ కోర్సు మేలు. 1970 నుంచి వస్తోంది, అగ్నిపర్వతం కింద పూడిపోయిన రోమన్ పట్టణం పాంపేలో కైకిలియుస్ అనే వ్యాపారి కుటుంబం కథ. అతను కల్పిత పాత్ర కాదు, అతని లెక్కల పలకలు 1875లో ఆ శిథిలాల్లో దొరికాయి. మొదటి పుస్తకం చివర అగ్నిపర్వతం పేలుతుంది. పిల్లలు చివరిదాకా చదవడానికి అంతకంటే ఏం కావాలి?

ఇంగ్లిష్ తక్కువున్న పుస్తకం కొనమని ఇంతగా ఎందుకు చెబుతున్నానంటే, లాటిన్ పాఠ్యపుస్తకాల్లో సగం ప్రయాస ఇంగ్లిష్ మాట్లాడేవాడికి విభక్తి అంటే ఏమిటో ఎక్కించడానికే సరిపోతుంది. మనకి ఆ ప్రయాస దేనికి? ‘మగిస్తెర్ పుఎరో లిబ్రుమ్ దత్’ అన్న వాక్యం చూడండి. మగిస్తెర్ గురువు, పుఎరో పిల్లవాడికి, లిబ్రుమ్ పుస్తకాన్ని, దత్ ఇస్తాడు. ఉన్న వరసలో ఉన్నట్టు పెట్టుకుంటూ పోతే తెలుగు వాక్యం తయారు. ఇదే వాక్యాన్ని చాలా ఇంగ్లిష్ పుస్తకాలు ఎలా చదవమంటాయో తెలుసా? ముందు చివరికి పోయి క్రియ పట్టుకో, వెనక్కొచ్చి కర్త వెతుకు, మళ్లీ ముందుకెళ్లి కర్మ వెతుకు అంటాయి. క్రియ చివర్లో ఉండే భాషని పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్న మనం, క్రియ నడుమ ఉండే భాష వాళ్లకోసం పెట్టిన కసరత్తు చేస్తూ కూర్చుంటాం. విలియం గార్డనర్ హేల్ అనే అమెరికన్ ప్రొఫెసర్ 1887లోనే ‘ది ఆర్ట్ ఆఫ్ రీడింగ్ లాటిన్’ అని చిన్న పుస్తకం రాసి ఈ వెతుకులాటని దుమ్మెత్తిపోశారు. రోమన్లు వాక్యం విన్న వరసలోనే అర్థం చేసుకున్నారు, మీరూ అలాగే చదవండి అన్నది ఆయన వాదన. చిన్నదే, నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, మీ జాబితాలో లేదు. ఉండాల్సింది.

ఇలాంటివి ఇంకా ఉన్నాయి. మనలాగే లాటిన్‌లోనూ ‘ఎ’, ‘ది’ లాంటి ఆర్టికల్స్ లేవు. ‘వచ్చాను’ అంటే ‘నేను’ వేరే చెప్పనక్కర్లేనట్టే అక్కడా క్రియ చివర చూస్తే ఎవరో తెలిసిపోతుంది. ‘వచ్చాడు’ చివర ఒక దీర్ఘం పెట్టి ‘వచ్చాడా’ అని అడిగినట్టే వాళ్లు మాట చివర ‘నె’ తగిలించి ప్రశ్న చేస్తారు. ‘తల్లీ తండ్రీ’ అని మనం చివర సాగదీసి కలిపినట్టు వాళ్లు రెండో మాట చివర ‘క్వె’ పెట్టి కలుపుతారు, ‘పతెర్ మాతెర్‌క్వె’. ఇంగ్లిష్ పుస్తకాలు ఓ అధ్యాయం కేటాయించి, పేరు చెప్పి బెదరగొట్టే ‘అబ్లేటివ్ అబ్సొల్యూట్’ అనే ప్రయోగం ఉంది, ‘ఉర్బె కప్తా’ అన్నది దానికి మామూలుగా ఇచ్చే ఉదాహరణ. ‘పట్టణం పట్టుబడగానే’. అంతే, మనం రోజూ మాట్లాడేదే.

అలాగని అంతా నల్లేరు మీద నడకేం కాదు. లింగం విషయంలో తెలుగు మనకి ఏమాత్రం సాయపడదు. బల్ల స్త్రీలింగం ఎందుకు, పుస్తకం పుంలింగం ఎందుకు అని అడిగితే జవాబు లేదు, మాటతోపాటు లింగం కూడా గుర్తుపెట్టుకోవాలి. మన విశేషణం ఎక్కడున్నా మారదు, ‘మంచి’ మంచిగానే ఉంటుంది, వాళ్ల విశేషణం మాత్రం నామవాచకం లింగాన్నీ వచనాన్నీ విభక్తినీ మూడింటినీ మోయాలి, పైగా దానికి అయిదు మాటల దూరంలో కూర్చోగలదు. మనం ‘చేత, తో, నుంచి, లో’ అని విడివిడిగా చెప్పేవాటిలో చాలావరకు వాళ్లు అబ్లేటివ్ అనే ఒక్క విభక్తిలో కుక్కారు, ఏది ఏ అర్థంలో వచ్చిందో సందర్భం చూసి పట్టుకోవాలి. సబ్జంక్టివ్ అనే ఇంకో రకం క్రియా రూపాల సంగతి ఇక్కడ ఎత్తను, దానికి వేరే ఉత్తరం రాయాలి. వీటన్నిటికీ ఒక వ్యాకరణం పక్కన ఉండాలి, చదవడానికి కాదు, అనుమానం వచ్చినప్పుడు తిప్పి చూడటానికి. అలెన్, గ్రీనో రాసిన ‘న్యూ లాటిన్ గ్రామర్’ 1903 కూర్పు చాలు, డికిన్సన్ కాలేజీ వాళ్ల వెబ్‌సైట్‌లో మొత్తం ఉచితంగా ఉంది, వెతుక్కోవడమూ సులువు. దాన్ని మొదటి పేజీ నుంచి చదువుకుంటూ పోయేవాళ్లకి ఓపిక ఎక్కువ, లాటిన్ తక్కువ వస్తాయి.

అదే కాలేజీ వాళ్లు లాటిన్‌లో అందరికంటే ఎక్కువగా తారసపడే దాదాపు 1,000 మాటల పట్టిక పెట్టారు. ఫ్లాష్‌కార్డుల యాప్ అంకి వాడేవాళ్లు దీన్ని ఎక్కించుకోవచ్చు. పట్టిక మాత్రమే బట్టీ పడితే నిలవదు, చదివిన పాఠంలో కనబడిన మాటల్నే కార్డుల్లో వేసుకోవాలి.

నిఘంటువుల దగ్గర మీ జాబితా బాగా గందరగోళం చేసింది. మ్యూనిక్‌లో తయారవుతున్న ‘థెసౌరుస్ లింగ్వాయ్ లాటీనాయ్’ ని మొదలుపెట్టేవాళ్లకి సిఫార్సు చేశారు, దాని పని 1894లో మొదలైంది, ఇంకా పూర్తి కాలేదు, అందులో అర్థాలు కూడా లాటిన్‌లోనే ఉంటాయి! పరిశోధకులకి అది నిధి, కొత్తవాళ్లకి కాదు. వాళ్లకి షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల ‘లోగియాన్’ చాలు. 1879 నాటి లూయిస్, షార్ట్ నిఘంటువుతో సహా చాలా నిఘంటువులు ఒకే చోట తెరుచుకుంటాయి. టఫ్ట్స్ విశ్వవిద్యాలయం వాళ్ల ‘పర్సియస్’ లో ప్రాచీన గ్రంథాలే ఉన్నాయి, ఏ మాట మీద నొక్కితే ఆ మాట రూపం విప్పి చూపిస్తుంది. విలియం విటకర్ అనే ఆయన రాసిన ‘వర్డ్స్’ ప్రోగ్రామ్ కూడా అదే పని చేస్తుంది. (ఆయన అమెరికా వైమానిక దళంలో కర్నల్, ఎయిడా అనే ప్రోగ్రామింగ్ భాష పుట్టుకకి కారణమైన బృందాన్ని నడిపినాయన, ఈ నిఘంటువు కూడా అందులోనే రాశారు. అభిరుచి అంటే అలా ఉండాలి.)

అయితే ఈ నొక్కి చూసే సాధనాలతో ఒక ప్రమాదం ఉంది. ఉదాహరణకి ఆంగ్ల లిపిలో ఎల్, ఇ, జి, ఐ, ఎస్ అని అయిదక్షరాల మాట మీద నొక్కండి. ‘నువ్వు చదువుతావు’ అని ఒకటి, ‘చట్టం యొక్క’ అని ఒకటి, రెండూ చూపిస్తుంది, ఏది కావాలో నువ్వే ఎంచుకో అంటుంది. వాక్యం అర్థమైతే తప్ప ఎంచుకోలేం, వాక్యం అర్థం కాకే కదా నొక్కాం. అలవాటు పడితే ప్రతి మాటా నొక్కుతూ పోతారు, పేజీ చివరికి వచ్చేసరికి మాటలన్నీ తెలుసు, ఏం చదివారో తెలియదు. మాటలు ఎక్కువ నొక్కాల్సి వస్తుంటే ఆ పుస్తకం ఇంకా మీ స్థాయికి రాలేదని అర్థం, పక్కన పెట్టి తేలికైంది పట్టుకోండి. ఎడమ పేజీలో లాటిన్, కుడి పేజీలో ఇంగ్లిష్ ఉండే ఎర్ర అట్టల లోబ్ పుస్తకాలదీ ఇదే తంతు, కన్ను ఎప్పుడు కుడివైపు జారిందో మనకే తెలియదు.

పైన చెప్పిన మాటనే తెలుగులో రాస్తే ఇబ్బందే లేదు. ‘లెగిస్’ చదువుతావు, ‘లేగిస్’ చట్టం యొక్క. ‘వెనిత్’ వస్తాడు, ‘వేనిత్’ వచ్చాడు. లాటిన్‌కి ఉన్నవి అయిదు హ్రస్వ స్వరాలు, అయిదు దీర్ఘాలు, ఆ పదీ మన లిపిలో ఎ, ఏ, ఒ, ఓలతో సహా విడివిడి అక్షరాలుగా ఉన్నాయి, ఈ సౌకర్యం అన్ని లిపులకీ లేదు. రోమన్ లిపిలో అయితే పాఠ్యపుస్తకాలు దీర్ఘం మీద అడ్డగీత పెడతాయి, మామూలు ప్రచురణల్లో అదీ ఉండదు. ద్విత్వాలూ అంతే, ‘అన్నుస్’ అంటే సంవత్సరం, ‘అనుస్’ అంటే ముసలావిడ, ఇంగ్లిష్ నోటికి ఈ తేడా పలకడం కష్టం, మనకి మంచినీళ్లు తాగినంత సులువు. కాబట్టి నోట్సులో మాటలు తెలుగు లిపిలో కూడా రాసుకోండి. దీర్ఘాల గుర్తులు లేని పాఠ్యపుస్తకం ఎంత చౌకైనా, ఎంత పేరున్నదైనా కొనకండి.

దీని ఫలితం కవిత్వం దగ్గర తెలుస్తుంది. లాటిన్ పద్యం నడిచేది ఊనిక మీద, అంటే ఇంగ్లిష్‌లోలా ఒక అక్షరాన్ని నొక్కి పలకడం మీద కాదు, గురులఘువుల మీద. దీర్ఘం ఉన్నా గురువే, వెనక హల్లులు జంటగా వచ్చినా గురువే, సూత్రం మనం బళ్లో నేర్చుకున్నదానికి చాలా దగ్గర. వర్జిల్ వాడిన హెక్సామీటర్ అనే ఛందస్సులో పాదానికి ఆరు గణాలు. వాళ్లు డాక్టైల్ అనేది గురువు, లఘువు, లఘువు, అంటే మన భగణం. దాని బదులు రెండు గురువులూ రావచ్చు. అయిదో గణం దాదాపు ఎప్పుడూ భగణమే, ఆరోది రెండక్షరాలు. ఇంతే. ఒకప్పుడు పద్యానికి గణవిభజన చేసినవాళ్లు వర్జిల్ పాదాన్ని ఒక్క సాయంత్రంలో విడగొట్టగలరు. ఊనిక భాషల వాళ్లు నెలలు తంటాలు పడేది ఇక్కడే.

ఉచ్చారణ గురించి నెట్‌లో జరిగే కొట్లాటల్లో తలదూర్చకండి. సిసెరోని ప్రాచీన పద్ధతిలో ‘కికెరో’ అంటారు, చర్చి పద్ధతిలో ‘చిచెరో’ అంటారు. గ్రీకులు ఆ పేర్లని తమ లిపిలో ఎలా రాసుకున్నారు, గోడల మీద రాతల్లో జనం చేసిన తప్పులేమిటి, ఆనాటి వ్యాకరణవేత్తలు ఏం చెప్పారు అన్న ఆధారాలతో పాత ఉచ్చారణని తేల్చారు, సిడ్నీ అలెన్ 1965 నాటి ‘వోక్స్ లాటీనా’ లో ఇదంతా ఉంది. ప్రాచీన సాహిత్యం కావాలంటే మొదటిది, ప్రార్థనలు, కీర్తనలు కావాలంటే రెండోది. ఏదో ఒకటి పట్టుకుని దాని మీదే ఉండండి. ఇంగ్లిష్‌వాళ్ల రికార్డింగులు వినేటప్పుడు మాత్రం ఒకటి గమనించండి, చాలామంది త, ద లని ట, డ లుగా పలుకుతారు. మీరు త, ద లుగానే పలకండి, మీదే సరైనది.

పాఠ్యపుస్తకం అయిపోగానే సీజర్ మీద పడటం పాత అలవాటు. సీజర్ మాటలు తేలికే, కానీ ‘వాళ్లు ఇలా అన్నారని, అలా చేస్తే ఇలా అవుతుందని’ అంటూ పరోక్ష కథనంతో పేరాలకి పేరాలు సాగదీస్తాడు, కొత్తవాళ్లకి ఊపిరాడదు. మధ్యలో ఒక ఏడాది తేలిక చదువు ఉండాలి. ఫ్రాన్సిస్ రిచీ 19వ శతాబ్దంలో రాసిన ‘ఫాబులాయ్ ఫకిలేస్’ లో హెర్క్యులీస్, పెర్సియస్ కథలు తేలిక నుంచి కష్టానికి మెట్లుమెట్లుగా ఉంటాయి, ఉచితం. యూట్రోపియస్ క్రీస్తుశకం 369 ప్రాంతంలో వాలెన్స్ చక్రవర్తి కోసం రోమ్ చరిత్రంతా పది చిన్న పుస్తకాల్లో కుదించి రాశాడు, ఒక్కో పేరా ఓ చిన్న ముచ్చట. బైబిల్ కథలు ముందే తెలిసినవాళ్లకి నాలుగో శతాబ్దం చివర జెరోమ్ చేసిన లాటిన్ అనువాదం అన్నిటికంటే సులువు, కథ తెలుసు కాబట్టి నిఘంటువు జోలికి పోకుండానే పేజీలు సాగుతాయి. ‘అది సిసెరో లాటిన్ కాదు’ అని ముక్కు విరిచేవాళ్లు ఉంటారు, విరవనివ్వండి. ఈ చదువంతా అయ్యాక సీజర్ దగ్గరకెళితే మీరే ఆశ్చర్యపోతారు.

వినడానికి ఒకప్పుడు ఫిన్లండ్ రేడియోలో వారంవారం లాటిన్ వార్తలు వచ్చేవి, 1989లో మొదలై 2019లో ఆగిపోయాయి. వాటికి బదులుగా ఇప్పుడు యూట్యూబ్‌లో లాటిన్‌లోనే మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు, దీర్ఘాలు సరిగా పలికేవాళ్లని ఎంచుకోండి. లాటిన్ మాట్లాడటం పిచ్చిపని అనుకునేవాళ్లు రెజినల్డ్ ఫోస్టర్ గురించి చదవాలి. వాటికన్‌లో పోప్‌ల లాటిన్ ఉత్తరాలు రాసే కార్యాలయంలో నలభై ఏళ్లు పనిచేసిన అమెరికన్ సన్యాసి, రోమ్‌లో వేసవి పాఠాలు ఉచితంగా చెప్పేవారు. హోంవర్కుని ఇంటి ఆటలు అనేవారు. మొదటి రోజు నుంచే అసలు రచనలు చేతికిచ్చేవారు, పట్టికలు బట్టీ పట్టించేవారు కాదు. 2020లో పోయారు. ఆయన పద్ధతి గురువు ఎదురుగా ఉంటేనే నడుస్తుంది, ఆయన పుస్తకం ఇంట్లో ఒంటరిగా చదివేవాళ్లకి నేను చెప్పను.

యాప్‌ల గురించి ఎక్కువ చెప్పడానికేం లేదు. డ్యుయొలింగోలో లాటిన్ 2019లో పెట్టారు, చాలా చిన్న కోర్సు, తాగిన చిలకల గురించి వాక్యాలుంటాయి, నవ్వుకోవచ్చు. భాష మీద ఇష్టం పుడుతుందో లేదో తేల్చుకోవడానికి రెండు వారాలు ఆడుకోండి, అంతకుమించి దాన్నుంచి ఏమీ ఆశించకండి. ఇక ఏఐ చాట్‌బాట్లు. వ్యాకరణం సందేహం అడిగితే చాలాసార్లు చక్కగానే చెబుతాయి, దీర్ఘాలు పెట్టమంటే మాత్రం తప్పుని కూడా ఒప్పంత ధీమాగా రాసేస్తాయి, లోగియాన్‌లో సరిచూడకుండా ఏదీ నోట్సులోకి ఎక్కించకండి. సొంతంగా లాటిన్ వాక్యం తయారుచేయించుకుని దాన్ని పచ్చబొట్టు పొడిపించుకుంటామనేవాళ్లకి చెప్పగలిగిందేమీ లేదు.

మీ పత్రికని నేను అడిగేది చిన్నదే. ఇంకో జాబితా వేయకండి. దాని బదులు వారానికి అరకాలమ్ ఇవ్వండి. ఒక లాటిన్ వాక్యం తెలుగు లిపిలో హ్రస్వదీర్ఘాలతో, దాని కింద మాటకి మాట తెలుగు, కింద రెండు మూడు లైన్లలో ఆ వారం కొత్తగా వచ్చిన రూపం ఏదో చెప్పండి. నాకు తెలిసినంతలో లాటిన్ తెలుగులో చెప్పే మంచి ప్రాథమిక పుస్తకం నా కంటబడలేదు, ఈ కాలమ్ నాలుగేళ్లు నడిస్తే అదే ఒక పుస్తకమవుతుంది. మీ దగ్గర రాసేవాళ్లు లేకపోతే మొదటి పది వారాలకి సరిపడా వాక్యాలు నేను పంపిస్తాను, దీర్ఘాలు మాత్రం లాటిన్ బాగా వచ్చినవాళ్లెవరికైనా చూపించాకే అచ్చువేయండి.

ఇట్లు,
మీ పాఠకుడు